పెత్రోనా వెనకాల ఏడు దూడలు

మాటలాపండి! మాతే ఆకుల తేనీటి గిన్నె చేతులు మారుతూనే ఉండాలి, నోళ్లు మాత్రం కదలకూడదు. ఇటు నిప్పు దగ్గరికి జరగండి. పొగకి ఏడుపొస్తే ఏడవండి గానీ కథకి అడ్డు రావద్దు.

ఎర్సిలియా అమ్మగారి మందకి నికానోర్ పెద్ద కాపరి. ఆ మందలో ఒకటే చట్టం: చూడి కట్టని ఆవు కబేళా లారీ ఎక్కాల్సిందే. ముసలావు పెత్రోనా ఆ ఏడు ఈననూ లేదు, మళ్లీ చూడి కట్టే వయసూ కాదు. నికానోర్‌కి గుండెలో రాయి పడింది. పద్నాలుగేళ్లుగా తన మాట చివరిదాకా విన్న ఆడప్రాణి అదొక్కటే మరి.

ఆ వేసవి ఎండలకి గడ్డంతా మాడింది. దూడలు పీల్చేస్తుంటే ఆవులు ఎముకలగూడై, ఆంబోతు వంకే చూడలేదు. అప్పుడు పెత్రోనా ఏం చేసిందో తెలుసా? ఊరికే ఉండలేక పరాయి దూడల్ని ఏడింటిని పోగేసి, తల్లులకి దూరంగా వాగు దాటించి, అక్కడి చెమ్మకి మిగిలిన గడ్డి పన్నెండు రోజులు మేపింది. తోకెత్తితే ఏడూ లేచేవి, దించితే ఏడూ పడుకునేవి! అబద్ధమైతే ఈ నిప్పు మీద కూర్చుంటాను. అమ్మగారు తిడుతుందని నికానోర్ ఈ సంగతి కడుపులోనే దాచుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. పశువుల డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి చూస్తూ, "ఖాళీ... ఖాళీ... చూడి! ఖాళీ..." అంటున్నాడు. నికానోర్ లెక్క చూసుకుంటే చూడి కట్టినవి సరిగ్గా ఏడు. ఆ ఏడు దూడల తల్లులే!

ఆఖర్న పెత్రోనా. "ఖాళీ. లారీకి తోలండి."

నికానోర్ అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మగారూ, ఆ ఏడు చూళ్లూ దీని చలవే!"

"ఆంబోతుకి చెప్పావా ఈ సంగతి?" అంది ఎర్సిలియా.

నికానోర్ జరిగిందంతా కక్కేశాడు. డాక్టరు చెయ్యి తుడుచుకోవడం మర్చిపోయి విన్నాడు.

"నిజమేనమ్మా! నాలుగు రోజులు దూడ పాలు మానితే తల్లి తేరుకుని ఎదకొస్తుంది. పాలు తాగకుండా దూడల ముక్కులకి పలకలు కట్టండని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. మీరు వినలేదు, ఆవు విన్నది."

ఎర్సిలియా పెత్రోనా వంక చూసింది. "సర్లే, ఈ ఏడు ఒక్కదాన్నీ లారీ ఎక్కించొద్దు, అన్నిటినీ ఉండనియ్యి. వచ్చే వేసవికి దీనికి నలభై దూడల్ని అప్పగించు."

నికానోర్ ఆవు మెడ పట్టుకుని భోరుమన్నాడు. ఖాళీ లారీకి ఆనుకుని ఇదంతా విన్న డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు:

"ఓరి దేవుడా! పిల్లల్ని చూసుకుంటానని మా అత్తగారు వచ్చిన కాడ్నించీ మాకు ఏడాదికొకడు ఎందుకు పుడుతున్నాడో ఇప్పుడు తెలిసింది! అమ్మగారూ, లారీ ఎలాగూ ఖాళీయే కదా, ఆవిణ్ణి ఎక్కించుకు రమ్మంటారా?"