తగ్గిన పాలు

ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరంలో బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే వెనింగ్ మధ్యాహ్నం విరామంలో నమాజు గది మూలన కూర్చుని పంపుతో పాలు తీస్తోంది. ఇంటి దగ్గర ఏడు నెలల కొడుకున్నాడు. కొన్నాళ్లుగా సీసా సగం కూడా నిండడం లేదు.

"ఆకుకూరలు తింటున్నావా లేదా?" అంది పక్క మిషన్ మీద కుట్టే సులాస్త్రి.

"మేకలా మేస్తున్నానక్కా. పాలు రావడం లేదు గానీ నిద్ర మాత్రం ముంచుకొస్తోంది."

"ముట్టు మొదలైందా?"

"ఇంకా లేదు. పాలిచ్చినన్నాళ్లూ మళ్లీ కడుపొస్తుందన్న భయం లేదంది మా అత్త."

"మీ అత్త రోజంతా పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని పాలిచ్చింది. నువ్వు పొద్దున పోతే చీకటికి గానీ ఇల్లు చేరవు. పైగా వాడు గంజి కూడా తాగుతున్నాడు. పరీక్ష చేయించుకోవే పిచ్చిమొహమా!"

మర్నాడు మంత్రసాని పరీక్ష చేస్తే రెండు గీతలు తేలాయి. వెనింగ్‌కు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"వీడికి పాలు మాన్పించాలా?" అని మాత్రం అడిగింది.

"నీ ఒంట్లో బాగుంటే ఇవ్వొచ్చు. బాగా తిను."

ఇంటికొచ్చి చాప మీద వాలింది. కొడుకు పాకుతూ వచ్చి రొమ్ము అందుకున్నాడు.

"ఏమన్నారే?" అంది అత్త.

"మళ్లీ కడుపొచ్చిందత్తయ్యా."

అత్త ఆమె తల కింద దిండు పెట్టింది. తర్వాత, "రేపట్నుంచి వంట నేను చూసుకుంటాలే" అంది. ఆ మాట వినకుండానే వెనింగ్ నిద్రపోయింది.