నాలుగో కట్టు

అమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, రెండు కాళ్ళూ చాపుకుని ఉంది, ఆ కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టిన పసిబిడ్డకి తొడ నుంచి వేళ్ళ దాకా పిండికట్టు ఉంది, ఆమె చెంబుతో గోరువెచ్చని నీళ్ళు తీసి దాని మీద పోస్తోంది, నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లబడి రాళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. నేను పక్కన గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఇది మా పాత ఇంటి పెరడే అనుకుంటాను గాని, ప్రహరీ గోడ ఉండవలసిన చోట ఆసుపత్రి వరండా మొదలవుతోంది, అక్కడ బల్లల మీద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులు వరసగా కూర్చున్నారు, వాళ్ళెవరూ మా వైపు తిరగడం లేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, ఇంట్లో చుట్టాలున్నప్పుడు తగువు మాట ఎత్తనట్టు ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు.

బిడ్డ ముఖం నాకు సరిగా కనబడదు. రెండు కాళ్ళకీ కట్లుంటే అది నా కూతురు మైథిలి, ఒక్క కుడికాలికే ఉంటే అది నేను. చూసి తేల్చుకుందామని వంగేసరికి మారిపోతోంది.

కలలో కూడా నాకు వారం గుర్తుంది. మైథిలి రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది, నా కుడి పాదంలాగానే. ప్రతి మంగళవారం పొద్దున్న ఇంట్లోనే కట్లు నానబెట్టి విప్పి తీసుకెళితే, డాక్టరు పాదాల్ని ఇంకాస్త బయటికి తిప్పి కొత్త కట్లు వేస్తారు. మూడు వారాలు అలాగే జరిగింది. నాలుగో కట్లు నేను మూడు రోజులు ముందుగా, శనివారమే, విప్పేశాను. వేళ్ళు వాచాయని నా భార్య హైమకి చెప్పాను. మంగళవారం వచ్చింది, డాక్టరు సెలవులో ఉన్నారని చెప్పాను. ఇప్పుడు ఇంకో మంగళవారం వస్తోంది.

"ఈ కొస దొరకడం లేదురా వాసూ, కాస్త చూడు" అంటుంది అమ్మ.

ఇంటి దగ్గర విప్పుకునేవాళ్ళకి దొరకాలని కట్టు చివర చిన్న మడత పెట్టి వదులుతారు. నానిన పిండిలో వేలు పెట్టి తడిమి నేనే ఆ మడత పట్టుకుని అమ్మకి అందిస్తాను. అందించాక చెబుతాను, ఇవాళ శనివారమే కదమ్మా, విప్పకూడదని. నానిపోయిన కట్టు ఉంచి ఏం చేస్తావంటుంది. గుడ్డ చుట్టలు చుట్టలుగా వస్తోంది, ఆమె మోకాళ్ళ పక్కన కుప్ప పడుతోంది, ఎంత లాగినా కింద దూది రావడం లేదు, కాలు రావడం లేదు, అయినా ఆమెకి తొందరేం లేదు, లాగుతూనే నా సంగతులు అడుగుతోంది. కుడి చెప్పు మడమ ఇంకా ఎత్తు చేయించుకుంటున్నావా అని, వానాకాలంలో చీలమండ సలుపుతోందా అని, హైమ ఎప్పుడైనా నా నడక గురించి ఏమైనా అందా అని. నేను మూతి ముడుచుకుంటాను.

"నడిచేవు. ఉద్యోగం చేసేవు. పిల్లనిచ్చేరు. ఇంకా దేనికిరా ఆ మూతి?" అంటుంది.

నాకు కోపం వస్తుంది. చిన్నప్పటి ఫోటోలన్నిటిలోనూ పాదం కనబడకుండా ఆమె నన్ను రెండో వరసలో నిలబెట్టింది, ముందు వరసలో ఎవరి పిల్లల్నో కూర్చోబెట్టి. నన్ను కూడా నాలుగో కట్టు దాకానే తీసుకెళ్ళిందని, దాన్ని ఇంట్లో విప్పేసి ఇంక ఆసుపత్రి మొహం చూడలేదని మేనత్త చెబితే తెలిసింది నాకు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. అమ్మని ఎప్పుడూ అడగలేదు. చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన కుర్చీలో కూర్చున్నప్పుడు, ఒకసారి చేయి కిందికి చాపి నా పాదం అందుకోబోయింది. నేను దాన్ని కుర్చీ కిందికి లాక్కున్నాను. ఎవరో పిలిచినట్టు లేచి బయటికి వెళ్ళిపోయాను.

"మళ్ళీ ఎందుకు తీసుకెళ్ళలేదమ్మా?"

ఆమె చెంబు ముంచుతూ చెబుతుంది. "మూడు రాత్రిళ్ళు ఒకటే ఏడుపు నువ్వు. వేళ్ళు నల్లబడ్డాయి. పొద్దున్నే నీళ్ళు పోసి ఊడదీసేసేను."

"నిజంగా నల్లబడ్డాయా?"

చెంబు గాలిలో ఆగిపోతుంది. "నాకలా కనబడ్డాయి" అంటుంది. "వెలుతురు లేదు."

ఆ మాట ఆమెది కాదని, నాదని, నిద్రలోనే ఎక్కడో నాకు తెలుస్తోంది. మైథిలి వేళ్ళు వాచాయని నేను చూసినప్పుడు కూడా గదిలో వెలుతురు లేదు. లైటు వేయవలసింది, స్విచ్చి నా భుజం పక్కనే ఉంది. వేస్తే వేళ్ళు మామూలుగా కనబడతాయేమోనని వేయలేదు. అప్పుడు గదిలో వినబడిన ఏడుపు పాపదేనని అనుకున్నాను గాని, దాన్ని విని ఓర్చుకోలేనిది తండ్రి కాదు, ఇంకా ఆ కట్టులోనే ఉండిపోయిన పసివాడెవడో.

"మర్నాడే తీసుకెళ్ళవలసింది" అంటాను.

"తిడతారని." ఆ ఒక్క మాట అని గుడ్డ ఇంకో చుట్టు లాగుతుంది. తరవాత మెల్లగా మిగతాది చెబుతుంది. రెండు బస్సులు మారి వెళ్ళేదిట. అక్కడి సిస్టరు ఎవరో తల్లిని, కట్టు ముందే తీసేసిందని, అందరి ముందూ తిట్టి కడిగేసిందట, ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందట. అది చూశాక ఎలా వెళ్ళను అంటుంది.

"వచ్చే వారం వెళదాం అనుకునేదాన్ని. వారం గడిచేకొద్దీ తిట్లు పెరుగుతాయి కదా. ఆఖరికి నేను మొయ్యలేనన్ని అయిపోయేయి." గుడ్డ లాగడం ఆపేసింది. "రాత్రిళ్ళు నీ పాదం సాపుగా పట్టుకుని పడుకునేదాన్ని. పట్టుకున్నంతసేపూ బాగానే ఉండేది నాయనా."

నేనేదో అనబోతాను గాని, అప్పటికే మేం పెరట్లో లేం, ఆ తల్లుల మధ్య బల్ల మీద కూర్చుని ఉన్నాం, అమ్మ చీర తడిసి నీళ్ళు బల్ల మీంచి కారుతున్నాయి, ఎదురుగా సిస్టరు రిజిస్టరు తెరిచి పట్టుకుని నిలబడింది. "వాసుదేవమూర్తి, నాలుగు నెలలు" అని పిలుస్తుంది. అమ్మ చేయి నా మణికట్టు మీద పడుతుంది. లేవకు, అంటుంది పెదవులతోనే. నేను లేవను. ఇద్దరం తలలు దించుకుని ఊపిరి బిగపట్టి కూర్చుంటాం, హోంవర్కు ఎవరు చేయలేదని మాస్టారు అడిగినప్పటి పిల్లల్లా. మూడుసార్లు పిలిచి సిస్టరు పేజీ తిప్పేస్తుంది. అంత తేలికగా తప్పించుకున్నందుకు నాకు హాయిగా ఉంది. నేను తప్పించుకున్నది దేని నుంచో అప్పటికింకా తోచలేదు.

"మైథిలి, నాలుగు నెలలు" అంటుంది సిస్టరు.

అమ్మ చేయి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. గట్టిగా ఏం లేదు, విదిలించుకోవచ్చు. కాని నేను లేస్తే, ఇంతమంది ముందు, ఆ రోజు ఆమె కూడా లేవగలిగేదేనని చెప్పినట్టవుతుంది. ఇన్నేళ్ళూ లోపల లోపల ఆమెని నిలబెట్టి అడిగినవాణ్ణి, ఇప్పుడు ఆమెని ఆ బల్ల మీద ఒంటరిగా వదిలి లేవలేకపోతున్నాను. రెండోసారి పిలుస్తారు. అమ్మ వంగి నా కుడి పాదం వైపు చేయి చాపుతుంది. నేను వెనక్కి లాక్కోను. తడి చేయి పాదం చుట్టూ పడుతుంది, లోపలికి తిరిగిన ఆ వంపు దగ్గర కాసేపు ఆగుతుంది.

"వెళ్ళరా" అంటుంది. "నాకు రావలసిన తిట్లు కూడా నువ్వే తినెయ్యి."

గిన్నెలో మిగిలిన కాస్త అన్నం కూడా తినెయ్యమని చెప్పినట్టు చెబుతుంది. ఆమె చేయి విడిచిపెట్టేదాకా ఆగుదామనుకుంటాను, విడిచిందో లేదో తెలియకముందే లేచి నిలబడి ఉంటాను.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో తెల్లవారి ఉంది. పాప మా ఇద్దరి మధ్యా నిద్రపోతోంది. దాని కుడి పాదం నా గుప్పిట్లో ఉంది, వేళ్ళు తిన్నగా పైకి చూస్తున్నాయి. ఎంతసేపటి నుంచి పట్టుకున్నానో నా చేయి తిమ్మిరెక్కిపోయింది. వేలు వేలుగా వదులు చేశాను. పాదం ఒక క్షణం అలాగే నిలిచి, తరవాత మెల్లగా లోపలికి తిరిగింది.

"హైమా" అన్నాను. "డాక్టరు సెలవులో లేరు. నేను అసలు ఫోనే చేయలేదు."

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నిద్రలో ఉందేమో అనుకున్నాను.

"ఆసుపత్రి కార్డు ఎక్కడ పెట్టారు?" అంది.

బీరువా మీద, సూట్‌కేసు కింద అని చెప్పాను. ఆమె లేచి కుర్చీ లాక్కుంది. నేను పాప పాదం వైపే చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ పట్టుకోలేదు.