పన్నెండు బారల తాడు

నీళ్ళు నింపి చూరుకు వేలాడదీసిన తోలుతిత్తి తెల్లారేదాకా ఒక్క చుక్క కూడా కారలేదు. కృపావరం కుట్టిన కుట్టు మరి. కారంపూడిలో అతని చేతి పనికి వంక పెట్టిన మొనగాడు లేడు. తిత్తి దించి, చెప్పులకు రెండో అట్ట కొట్టాడు. ఇరుకులో రాళ్ళు వేసవికి పెనంలా కాలతాయి.

ఇరుకంటే మాచర్ల అవతల, నల్లమల దిగువన రెండు కొండల నడుమ ఎండిపోయిన వాగు. పోయిన వేసవిలో కృపావరం, చెల్లెలి మొగుడు నెహెమ్యా తేనె కోసం అందులోకి దిగారు. తిరిగొచ్చింది కృపావరం ఒక్కడే. గుండం దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే మనిషి కనపడకుండా పోయాడని చెప్పాడు. పదిమంది వెళ్ళి ఆ గుండం చుట్టూ నాలుగు రోజులు గాలించి, ఉత్త చేతులతో వచ్చారు. ఇప్పుడు చెల్లెలు ప్రేమమ్మ పట్టు పట్టింది. ఎముకలన్నా తెచ్చి, ప్రార్థన చేయించి, మన సమాధుల దొడ్లో పెట్టాలంది. తోడు రమ్మంటే అన్న కాదనగలడా?

ఇరుకులోంచి ఒంటరిగా తిరిగొచ్చినప్పటినుంచీ కృపావరం మనిషి మనిషిగా లేడు. ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకే "ఆఁ" అంటూ ఉలిక్కిపడి లేస్తాడు. ఎంత మర్యాద నేర్చాడురా అని ఊళ్ళో నవ్వుకున్నారు. పిలిచేవాళ్ళు ఎవరూ లేనప్పుడు కూడా అతను లేస్తున్నాడని భార్యకొక్కదానికే తెలుసు.

పొద్దెక్కకముందే ప్రేమమ్మ వచ్చింది. జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం, బెల్లం మూట కట్టుకొచ్చింది. గుడ్డ కంట్రోలు రోజులు, కొత్త గుడ్డ దొరక్క మొగుడి పెళ్ళి పంచె ఉతికి మడిచి తెచ్చింది. ఎముకలకని వేరే చెప్పనక్కర్లేదు.

"అన్నీ సర్దావా అన్నా?" అంటూ గోతంలో చెయ్యి పెట్టింది. అగ్గిపెట్టె, కత్తి, ఉప్పు పొట్లం. వాటి అడుగున చుట్ట చుట్టిన తాడు. బయటికి లాగి, చేతులు బార్లా చాపి కొలిచింది. పన్నెండు బారలు.

"ఇంత తాడెందుకు?"

"కొండ గదా... ఉంటే మంచిదని."

"గుండం కాడ మోకాలి లోతు నీళ్ళన్నావు. ఆడ తాడుతో పనేంది?" ప్రేమమ్మ గొంతు పెంచలేదు. "పైన కొండ చీలిన బీటలో దిగాలంటే కావాలి తాడు. ఆయన ఏడుండాడో నీకు తెలుసన్నా."

అబద్ధాన్ని ఏడాది మోసినవాడు గోతం సర్దుకోవడంలో దొరికిపోయాడు.

"పిలిచాడు," అన్నాడు చివరికి. "పైన బీటలోనుంచి. బావా అని."

"పలకలా?"

"ఇరుకులో మూడో పిలుపుదాకా పలకగూడదంటారు గదమ్మా. దయ్యం రెండుసార్లే పిలవగలదని, మూడోసారి పిలిస్తేనే మనిషని."

ఆదివారం గుళ్ళో ముందు వరసలో కూర్చునే మనుషులే వీళ్ళు. ఇరుకులో దిగితే మాత్రం తాతల మాటే వేదం. ప్రేమమ్మకూ ఆ మాట తెలుసు. అందుకే తిట్టలేదు. తాడు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"రెండుసార్లు పిలిచాడా?"

"రెండుసార్లు."

"మరి మూడోసారి?"

ఈ ప్రశ్నకు కృపావరం ఎప్పుడో జవాబు సిద్ధం చేసిపెట్టుకున్నాడు. పిలవలేదమ్మా అంటే చాలు, పాపమంతా తాతల మీదికి పోతుంది. చెల్లెలు కూడా నమ్ముతుంది. నమ్మాలనే చూస్తోంది, పిచ్చిది. ఆ చూపు ముందు అబద్ధం గొంతులోనే ఆగిపోయింది.

"పిలిచాడు," అన్నాడు. "మూడోసారీ పిలిచాడు. భయంతో నాకు కాళ్ళు రాలేదమ్మా. చీకటి పడిందాకా పిలుస్తానే ఉండాడు."

ప్రేమమ్మ ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. లేచి తిత్తి ఒక భుజానికి, తాడు రెండో భుజానికి తగిలించుకుని మాచర్ల దారిన నడిచింది. కృపావరం గోతం ఎత్తుకుని వెనకే వెళ్ళాడు. అమ్మా, ప్రేమా అని పిలవాలని ఊరు దాటేదాకా నోటిదాకా వస్తూనే ఉంది. పిలిస్తే ఆమె పలకదేమోనన్న భయంతో పిలవలేదు.