ఎడమచేతి కత్తి

ఆయుధపూజ పేరుతో ఇండోనేషియా కత్తిని చింతపండు పెట్టి తోమేశారు. చూడగానే నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు మ్యూజియంలో పాత ఆయుధాల మధ్య గడిపి, చేవెళ్లలో విశ్రాంతిగా ఉన్నవాణ్ని. వయసు చెప్పే తుప్పంతా కడిగేశాక నన్ను పిలిచి ఏం లాభం?

"గిట్ల తోముతరా అమ్మా? గిదేమన్న ఇత్తడి చెంబా?" అన్నాను.

హేమచంద్ నవ్వాడు. సాఫ్ట్‌వేర్ జీతంతో మొయినాబాద్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. కంపెనీ పని మీద జకార్తా వెళ్లినప్పుడు ఈ కత్తి కొన్నాడట. అతని తల్లి జానకీదేవి మాత్రం నవ్వలేదు.

"గోవర్ధన్ గారూ, దసరా నాడు దీనికి బొట్టు పెడుతుంటే మా మనవరాలి కుడిచేతి వేలు తెగిందండి. గాయం మానిపోయింది. కానీ అప్పట్నుంచీ అన్నం ఎడమచేత్తోనే తింటోంది. కొట్టినా మానట్లేదు. ఇది మనుషుల్ని చంపిన కత్తేనా? అదొక్కటి చెప్పండి."

ఆ మనవరాలు, ఏడేళ్ల మనస్విని, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

పిడి దగ్గర బెత్తం చుట్లు కాస్త వదులు చేశాను. చింతపండు అందని ఆ చోట తుప్పు నల్లగా, గట్టిగా ఉంది. నూరేళ్లు దాటింది, సందేహం లేదు. జింక కొమ్ము పిడి, దానికి వేలాడే జుట్టు చూస్తే బోర్నియో దీవిలోని దయాక్ తెగవాళ్లది. శత్రువుల తలలు నరికిన కత్తి. ఆ జుట్టు జంతువుది కాదు. ఇలాంటి కత్తి ఒక పక్క ఉబ్బెత్తుగా, రెండో పక్క కొంచెం గుంటగా ఉంటుంది. పట్టేవాడి చేతివాటాన్ని బట్టి ఆ పక్కలు మారతాయి. రెండుసార్లు తిప్పి చూశాను. ఇది ఎడమచేతి వాటం మనిషికి చేసింది.

ఆయుధం విషయంలో నేనెన్నడూ అబద్ధం చెప్పలేదు. కానీ పిల్లను పట్టింది భయమేననీ, అది పోతే చెయ్యి కూడా దారికొస్తుందనీ అనుకున్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. ఇది టూరిస్టులకు అమ్మెతందుకు చేసిన నకలు. నాలుగైదేండ్లదే. దీంతోని కోడిని గూడ కొయ్యలే."

జానకీదేవి కళ్లు తుడుచుకుంది. హేమచంద్ పెద్దగా నవ్వాడు.

"చెప్పానా అమ్మా? ఉత్త బొమ్మ! దా మనూ, నువ్వే పట్టుకో. ఫొటో తీస్తాను" అంటూ కత్తిని కూతురికి అందించాడు.

వద్దనడానికి నోరు తెరిచాను. చెప్పిన అబద్ధమే గొంతుకు అడ్డం పడింది.

మనస్విని ఎడమచేత్తో అందుకుంది. మణికట్టు కొంచెం లోపలికి తిప్పి కత్తి వాదర సరిచూసుకుంది. ఎవరూ నేర్పకుండా అలా పట్టుకోవడం రాదు. బతుకులో నాకంత భయం ఎప్పుడూ వేయలేదు.

హేమచంద్ కెమెరా కోసం బల్ల మీదికి వంగాడు. పిల్ల అతని మెడనే చూస్తోంది.