కట్ట తొక్కిన కాళ్లు

ఉక్కు ప్లాంటు పక్క బస్తీ ఖుర్సీపార్‌లో గున్నమ్మకు తెల్లవారగానే మొదటి పని మంచం కింద నేల చూసుకోవడం. నేల పొడిగా ఉంటే ఊరవతల చెరువు కట్ట బాగున్నట్టు. తడిగా ఉంటే ఎక్కడో కారుతున్నట్టు. కరువు పనుల్లో ఆ మట్టికట్ట వేసినప్పుడు లోపలి బంకమట్టి తొక్కింది ఆవిడే. అప్పటి నుంచి కట్టలోంచి నీరు కారితే ఆవిడ మడమల పగుళ్లలోంచీ కారుతుంది. కట్ట కింది రైతులు సైకిళ్ల మీద కూరలు అమ్ముకోడానికి వచ్చి, కాకీ అని పిన్ని వరస కలిపి, పాదాలెలా ఉన్నాయని హిందీలో అడిగి పోతుంటారు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్లాక చినుకు లేదు. గున్నమ్మ మడమలు మాత్రం ఒకటే కారడం. కొడుకు రాజాబాబుకు ప్లాంటులో కాంట్రాక్టరు కింద చేసే ఠేకా పని పోయింది. కట్ట కింద పాలుకు తీసుకున్న మడి ఒక్కటే ఆధారం. వరి పొట్ట మీద ఉంది. పంట పోతే మడి ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు.

రాజాబాబు రైతులతో కలిసి కట్ట పొడుగునా వెతికాడు. అనుమానం వచ్చిన చోటల్లా తవ్వి బంకమట్టి కూరారు. సాయంత్రం బురద కాళ్లతో వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏటమ్మా, ఆగిందా?"

"నేదురా నాయినా," అంది గున్నమ్మ. వాడు మొహం కప్పుకుని ఏడ్చాడు.

కోడలు భాగ్యరేఖకు అత్తతో మాటలు తక్కువ, విసుగు ఎక్కువ. రోజూ ఆ నీళ్లు తుడిచేది ఆమే మరి. ఆ సాయంత్రం చేతిలో గుడ్డ అవతల పడేసి, కొవ్వొత్తి ముక్క కొబ్బరినూనెలో కరిగించి తెచ్చింది. కాళ్ల పగుళ్లకు అందరూ రాసేదే. కట్ట మీదే కళ్లన్నీ పెట్టుకుని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. అత్త పాదాలు ఒళ్లో పెట్టుకుని పగుళ్లనిండా మైనం కూరింది.

మర్నాడు నేల పొడిగా ఉంది. చెరువులో నీరు నిలిచింది.

గున్నమ్మ కాళ్లలోనూ నిలిచింది. ముందు పాదాలు వాచాయి, తర్వాత పిక్కలు, దసరా నాటికి మోకాళ్లు. రాత్రుళ్లు మూలుగు బయటికి రాకుండా చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకునేది. మైనం తీసేద్దామని భాగ్యరేఖ బతిమాలితే, గింజ గట్టిపడనీ అనేది.

వరి కోశారు. ధాన్యం ఇంటికొచ్చిన రోజున భాగ్యరేఖ వేడినీళ్లు, చెంచా పట్టుకుని మంచం దగ్గర కూర్చుంది.

"ఇంక తీసేద్దామత్తా. పంట వచ్చేసింది గదా."

గున్నమ్మ రెండు చేతులతో కాళ్లు వెనక్కి లాక్కుంది. "ఉండనీయే. పై ఏటికి నీళ్లొద్దేటి?"

భాగ్యరేఖ చెంచా పక్కన పెట్టేసింది. ఏడుస్తూనే, తెచ్చిన వేడినీళ్లతో ఆ కాళ్లకు కాపడం పెట్టింది.

గున్నమ్మ మళ్లీ నేల మీద కాలు పెట్టలేదు.