పేరు ఒకచోట, ఓటు ఒకచోట

బిడ్డ గడప దాటకముందే దారిలో ఉన్న ఆపదలన్నీ తల్లి కళ్ళకి కనబడతాయి. అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో వైద్య పరికరాలు బిగించే కార్ఖానాలో పనిచేసే హువాకి ఆ తెల్లవారుజామున మంచం దిగకముందే కనబడ్డాయి. ఆమె కూతురు గావ్‌లీ, ఇంకా పద్దెనిమిదైనా నిండని హైస్కూలు పిల్ల, ఆరోజు పోలింగు కేంద్రంలో పనిచెయ్యడానికి వెళుతోంది. బడివాళ్ళే సెలవిచ్చి మరీ పంపుతున్నారు.

"టీవీలో చూశావుగా, పెద్దాళ్ళు ఎట్లా కొట్టుకు చస్తున్నారో. వాళ్ళ మధ్యన నీకేం పనే?" అంటూనే హువా కూతురి మణికట్టుకి తెల్లదారం కట్టింది, ప్రాణం ఒంటిని విడిచి ఎటూ పోకూడదని.

"యుద్ధానికా అమ్మా నేను పోతున్నది? బల్ల దగ్గర కూచోడానికి."

"మీ తాత కూడా బల్ల దగ్గరికే పోయాడు."

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. లావోస్ కొండల్లో, వాళ్ళ మాంగ్ తెగవాళ్ళుండే ఊరి మధ్య సైనికులు బల్ల వేసుకుని, బియ్యం ఇస్తాం, పేర్లు చెప్పండి అన్నారు. హువా తండ్రి చెప్పాడు. కొన్నాళ్ళకి ఆ పేరే పిలుస్తూ వచ్చి తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. పేరు అడిగే బల్ల ఎక్కడ కనబడినా హువాకి అదే బల్ల. శరణార్థిగా అమెరికా చేరి, పౌరసత్వం వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆమె ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ఎవరైనా అడిగితే మోకాలి నొప్పి అనేది. మనలో ఎందరి ఇళ్ళలో భయం ఇలాగే నొప్పి పేరు పెట్టుకుని బతుకుతోందో.

కూతుర్ని దింపాక హువా ఇంటికి వెళ్ళలేదు. తలుపు బాగా కనబడే చోటు చూసి కారు ఆపింది. పక్కన స్తంభానికి చక్రాల కుర్చీ బొమ్మతో ఏదో బోర్డు ఉంది. నాకూ మోకాలు బాగాలేదుగా, ఎవరేమంటార్లే అనుకుంది. ఒళ్ళో జిగురన్నం, ఉడికించిన కోడి, మిరపకాయ పచ్చడి పొట్లం.

గావ్‌లీని తలుపు దగ్గర నిలబెట్టారు. కాసేపటికి అభ్యర్థి పేరున్న టోపీ పెట్టుకుని ఎత్తయిన మనిషి ఒకడు వచ్చాడు. హువా కారు అద్దం దించింది.

"అయ్యా, ఆ టోపీ తీసి లోపలికి రావాలండి," అంది గావ్‌లీ.

"నీ వయసెంత?"

"పదిహేడండి."

"నీకే ఓటు లేదు. నువ్వు నాకు చెప్తావా?"

"నాకు లేదనేనండి, మీది సవ్యంగా పడేలా చూడమన్నారు."

హువా చెయ్యి కారు తలుపు మీద పడింది. ఇంతలో లోపలినుంచి డేల్ అనే నెరిసిన గడ్డం పెద్దాయన వచ్చాడు. "నేనూ మీ పార్టీవాణ్ణే బాబూ. తీసెయ్. రేపు అవతలివాళ్ళ టోపీ వస్తే నేను ఏ మొహం పెట్టుకుని తియ్యమంటాను?"

ఆ మనిషి గొణుక్కుంటూ టోపీ తీసి కోటులో దోపుకున్నాడు. ఓటు వేసి తిరిగి వెళ్ళేటప్పుడు గావ్‌లీ వైపు తలూపి మరీ వెళ్ళాడు. హువా చేతిలో అన్నం పొట్లం నలిగిపోయి ఉంది.

సరిగ్గా అప్పుడే ముగ్గురు ఆమె కారు దగ్గరికి వచ్చారు. డేల్, కేంద్రానికి పెద్దయిన ఆర్లీన్ అనే ముసలావిడ, వెనకాల గావ్‌లీ. నడవలేనివాళ్ళు కారులోనే కూర్చుని ఓటు వేసే చోటు అది. అక్కడ బండి ఆగితే లోపలివాళ్ళు బయటికి రావాల్సిందే. మాంగ్ మనిషిలా ఉంది, భాష కావాలని పిల్లని వెంటబెట్టుకొచ్చారు.

గావ్‌లీ మొహం ఎర్రబడింది. అయినా సర్దుకుని తమ భాషలో అంది, "నమస్కారమండీ. ఓటు వెయ్యడానికి వచ్చారా?"

"ఏంటే ఆ మీరూ గీరూ? నిన్నెవడు కొడతాడో చూద్దామని వచ్చా."

"అమ్మా, ఇక్కడందరికీ ఒకటే మర్యాద."

"పేరు రాయిస్తే రేపెవరొస్తారు?"

"ఎవరూ రారు. పేరు ఒకచోట, ఓటు ఒకచోట. ఓటు కాగితం మీద పేరుండదు. ఇలా కారు దగ్గరికి ఎప్పుడూ ఇద్దరూ కలిసే వస్తారు, ఈయనదో పార్టీ, ఈవిడదో పార్టీ. ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు."

"ఏమంటోంది?" అన్నాడు డేల్. ఈవిడ మా అమ్మేనంటూ గావ్‌లీ అంతా చెప్పింది.

"నిజమే," అంది ఆర్లీన్. "ఏళ్ళ తరబడి ఈయన్ని కనిపెట్టుకుని ఉన్నా."

"ఈవిడ తెచ్చే కేకు మాత్రం నమ్ముతా," అన్నాడు డేల్.

ఆర్లీన్ కిటికీ దగ్గరికి వంగింది. "మీ అమ్మాయా? అలాగైతే భాష వరకే తను చెబుతుంది, కాగితం సంగతి మేం చూస్తాం. కానీ ఒక్కమాట అమ్మా. మా మోకాళ్ళు అరిగిపోయాయి. రేపు ఈ తలుపు దగ్గర గట్టిగా నిలబడేది ఇలాంటి పిల్లలే. నువ్వు భయపడితే ఎవరికోసం నిలబడాలి వీళ్ళు?"

గావ్‌లీ ఆ మాటలు తమ భాషలోకి తేలిగ్గా మార్చి చెప్పలేకపోయింది. చివరిమాట రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

హువా కూతురి మణికట్టు మీది దారాన్ని చూసింది. ఎత్తయిన మనిషి ముందు ఆ పిల్ల తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. కారులో దాక్కుని కూర్చున్నది తనే.

"కారులోకేం తేవద్దులే," అంది తలుపు తీస్తూ. "కాళ్ళున్నాయి. నడిచే వస్తా."

ఆరోజే పేరు నమోదు చేయించుకునే వీలుంది ఆ రాష్ట్రంలో. బల్ల ముందు నిలబడి, డ్రైవింగు లైసెన్సు చూపించి, తండ్రిని పేరు పిలిచి తీసుకుపోయిన తర్వాత మొదటిసారి ఆమె తన పేరు గట్టిగా చెప్పింది. ఆ పేరుకి జవాబుగా ఒక కాగితం వచ్చింది. సైనికులు రాలేదు.

మధ్యాహ్నం అన్నం పొట్లం అందరూ పంచుకున్నారు. మిరపకాయ పచ్చడికి డేల్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

తల్లులారా, పిల్లల్ని కాపాడటమంటే ఇంట్లో దాచిపెట్టడం కాదు. ఎవరైనా తమ పేరు నిర్భయంగా చెప్పుకోగల చోటుకి వాళ్ళని కాపలా పంపడం, ఆ తర్వాత మనమూ లేచి ఆ చోటికి నడిచి వెళ్ళడం.