ఇగ డ్రమ్ములు ఎత్తం

షిఫ్టు విడిచి బయటికి పోయే వేళ గేటు దగ్గర సోమమ్మను ఆపారు. తడిమి చూసే సెక్యూరిటీ ఆమె చెయ్యి సోమమ్మ నడుం కింద ఆగింది. ఏదో మూట దాచావు, తియ్యమంది. సోమమ్మ తియ్యనంది. లేబర్ కాంట్రాక్టర్ చంద్రకాంత్ వచ్చి, తీస్తేనే గేటు దాటుతావన్నాడు. వరసలో ఆడా మగా అందరూ చూస్తుండగా, సోమమ్మ గోడ వైపు తిరిగి, కుచ్చిళ్ళలో చెయ్యి పెట్టి, మడతలు పెట్టిన బనియన్ గుడ్డ బయటికి లాగింది. మిషన్లు తుడవడానికి కంపెనీ ఇచ్చే గుడ్డ అది. దాని మీద రక్తం మరక ఉంది.

"కంపెనీ గుడ్డ దొంగతనం జేస్తున్నవా?" అన్నాడు చంద్రకాంత్. రేపటి నుంచి రావద్దన్నాడు.

సోమమ్మ వెనకే పుష్ప నిలబడి ఉంది. సరిగ్గా అలాంటి గుడ్డే, అక్కడే, తనకూ ఉంది. మెల్లగా వరస చివరికి జరిగింది.

ఆ గుడ్డ సంగతి చెప్పుకోవలసిందే, సిగ్గుపడితే కుదరదు. పటాన్‌చెరు అవతల ఉన్న ఆ రంగుల కంపెనీలో డ్రమ్ములు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ పాడైంది. దాన్ని బాగు చేయించడం దండగనుకున్నారు దొరలు. హమాలీలను మానిపించి, కొండాపూర్ మండలం పల్లెల ఆడవాళ్ళను లారీల దగ్గర నిలబెట్టారు. ఎత్తీ ఎత్తీ ఆ తల్లుల గర్భసంచులు కిందికి జారాయి. జారింది జారినట్టు పైకి నెట్టుకొని, అడ్డంగా గుడ్డ కట్టుకొని, మళ్ళీ డ్రమ్ము ఎత్తారు. మొగుడికి చెప్పరు. ఉతికిన గుడ్డను నలుగురికి కనిపించేలా ఆరెయ్యరు. ఈ పాడు రోగం తన ఒక్కదానికే వచ్చిందని ఎవరికి వారే ఏడ్చుకున్నారు.

మర్నాడు పుష్ప పనికి నాగా పెట్టి, సోమమ్మను సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. బస్సులోనే తన సంగతి కూడా చెప్పేసింది. సోమమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది, అంతే.

సోమమ్మకు ఇదివరకే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. జారినదాన్ని ఆపడానికి కింది నుంచి వలలాంటి ప్లాస్టిక్ జాలి పెట్టారు. ఎప్పటిలాగే పని చేసుకోవచ్చన్నారు. ఇప్పుడు ఆ జాలి లోపలి కండను కోసుకొని బయటికి వచ్చింది. కండలో కలిసిపోయిన జాలిని మొత్తం తియ్యడం కష్టమని, ఒక్క ఆపరేషన్‌తో అయ్యే పని కాదని డాక్టర్ నిషిత చెప్పింది. అలా కింది నుంచి పెట్టే జాలిని చాలా దేశాల్లో ఆపేశారని కూడా చెప్పింది.

పుష్పనూ పరీక్ష చేసి, ఆమెకు ఉన్న దారులు ఓపికగా వివరించింది. ఆపరేషన్ వద్దనుకుంటే లోపల రింగు పెట్టుకోవచ్చు. జాలి లేకుండా సొంత కండతోనే బిగించి కుట్టవచ్చు, కాకపోతే మళ్ళీ జారే అవకాశం ఉంది. కడుపు వైపు నుంచి జాలి వేసి వెన్నెముక కింది ఎముకకు కట్టవచ్చు, అది గట్టిగా నిలుస్తుంది గానీ జాలి జాలే, దాని తిప్పలు దానికి ఉంటాయి.

అన్నీ విని పుష్ప ఒక్కటే అడిగింది.

"ఏది జేయించుకుంటే డ్రమ్ములు ఎత్తొచ్చు మేడం?"

"ఏది చేయించుకున్నా ఎత్తొద్దమ్మా" అంది డాక్టర్.

డ్రమ్ము ఎత్తకపోతే పని లేదు, ఎత్తితే ఒళ్ళు నిలవదు. ఏ ఆపరేషన్ మాత్రం ఏం చేస్తుంది?

ఆ వారమే గేటు ముందు యూనియన్ మీటింగు జరిగింది. నాయకుడు నర్సింహ మంచివాడే. అన్ని డిమాండ్లూ గొంతెత్తి చదివి, ఆడవాళ్ళ సంగతి దగ్గరికి వచ్చేసరికి "ఆడోళ్ళ ఇబ్బందులు" అని గొణిగి ముందుకు పోబోయాడు.

"పేరు పెట్టి చెప్పు నర్సింహా, నోరు రాదా?" అంది సోమమ్మ. "గర్భసంచి జారుడు అంటరు దాన్ని. డ్రమ్ములు ఎత్తి జారింది. మిషన్ ఖరాబైతే మెకానిక్‌ను పిలుస్తలేరు, మమ్ముల పిలుస్తున్నరు."

మగవాళ్ళు తలలు దించుకున్నారు. పుష్పకు తల కొట్టేసినట్టయింది. అయినా టీ కొట్టు వెనక్కి పోయి, తన గుడ్డ విప్పి తెచ్చి సోమమ్మ ముందు పడేసింది. తర్వాత లారీల దగ్గరే పనిచేసే మొగులమ్మ లేచి అటే వెళ్ళింది. ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. గుడ్డలు కుప్ప పడ్డాయి. ఇంతమందికా అని ఆడవాళ్ళే నోళ్ళు నొక్కుకున్నారు.

మర్నాడు చంద్రకాంత్ తియ్యగా మాట్లాడాడు. తనకు తెలిసిన ఆసుపత్రి ఉందన్నాడు. అందరికీ పైసా తీసుకోకుండా జాలి వేయిస్తాడట, కొద్ది రోజులకే లేచి వచ్చి డ్రమ్ములు ఎత్తాలట. "ఫుకట్ల జేస్తనంటే కాదంటమా?" అంది మొగులమ్మ. పుష్పకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. అప్పుడు చూపు గేటు బయట గోడకు ఆనుకొని, కూచోలేక నిలబడలేక వంగిపోయిన సోమమ్మ మీద పడింది.

"ముందు ఫోర్క్‌లిఫ్ట్ బాగు జేయించు. సోమమ్మత్తను పనిల తీసుకో. ఇగ డ్రమ్ములు ఎత్తం" అని పుష్ప లారీ పక్కన కింద కూచుంది. ఒక్కొక్కరే వచ్చి కూచున్నారు. సోమమ్మ కూడా సెక్యూరిటీని తోసుకొని వచ్చి కూచుంది.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. లేచి ఎక్కమన్నారు. ఎవరూ లేవలేదు. లోపల నొప్పి పొడుస్తున్నా పుష్ప కదల్లేదు. "మేము బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది సారూ, మా బరువు గూడ మేం ఎత్తం. మీరే ఎత్తుకపోండ్రి" అంది.

ఎత్తుకుపోయారు, ఒక్కొక్కరినీ. సోమమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆడ కానిస్టేబుల్ ఒకామె రొప్పుతూ పొత్తికడుపు పట్టుకుంది.

"మెల్లగ ఎత్తు చెల్లె" అంది సోమమ్మ. "నీది గూడ జారుతది."

కానిస్టేబుల్ ఎవరి మొహమూ చూడకుండా ఆమెను ఎత్తి వ్యానులో కూచోబెట్టింది. వ్యాను కదిలింది. వ్యాను కుదుపు కుదుపుకీ లోపలి జాలి సోమమ్మను కోస్తూనే ఉంది, పుష్ప పట్టుకొని కూచోవడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు. షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ అలాగే తుప్పు పట్టి ఉంది. రెండో షిఫ్టు ఆడవాళ్ళు గేటు దాటి లోపలికి వచ్చి, లారీ పక్కన ఖాళీ అయిన చోట కూచున్నారు.